గునుగు పువ్వుకు పక్కా రంగు

పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాటి పొద్దున బాలవ్వ పెరట్లోకి వచ్చి, నీళ్ల గోలెం పక్కనున్న ఇనుప బకెట్టు మూత తీసి చూసి, అట్లాగే నిలబడిపోయింది. బకెట్టు నిండా గునుగు పువ్వు. కొసలు సమంగా కత్తిరించి, చిన్న చిన్న కట్టలు కట్టి, రంగునీళ్లలో తలకిందులుగా ముంచి పెట్టారు. ఆ రంగు పసుపూ కాదు, కుంకుమా కాదు. కళ్లలో పొడిచినట్టుండే గులాబీ. నూలుకు వేసే రంగు. మూత తీయగానే ముక్కు మండేటట్టు సోడా వాసన కొట్టింది.

"అనసూర్యా," అని కోడలిని పిలిచింది. గొంతు పెద్దగా లేదు. అత్త గొంతు పెద్దగా లేనప్పుడే భయపడాలని అనసూర్య కాపురానికి వచ్చిన కొత్తలోనే తెలుసుకుంది. చేతిలో ఉన్న పిండి గిన్నె కింద పెట్టి వచ్చి, బకెట్టు చూసి తల వంచుకుంది.

"నాకేం ఎర్క లేదత్తా. నీ కొడుకే తెచ్చిండు. అందరిండ్లకు పంచుతుండ్రట, మనకు గూడ ఇచ్చిండ్రు అన్నడు."

ఆ కొడుకు హనుమండ్లు గడప మీద కూర్చుని చాయ తాగుతున్నాడు. జగపతిరావు దొర రంగుల కార్ఖానాలో నూలు ఉడకబెట్టే పని అతనిది. జగపతిరావు తాతలనాటి నుంచీ భూములున్న దొర. వ్యవసాయంలో ఏమీ మిగలడం లేదని ఊరి చివర షెడ్డు వేసి సాంచాలు పెట్టించాడు. సాంచా అంటే కరెంటుతో నడిచే మగ్గం, తుమ్మలపేటలో ఇప్పుడు ఎవరి కడుపు నిండాలన్నా అదే. సాంచాల పక్కనే రంగుల కార్ఖానా. చేతిమగ్గాలు మూలపడ్డ తరవాత పద్మశాలీల వాడ మొత్తం, మగవాళ్లు సాంచాల మీద, ఆడవాళ్లు ఇళ్లలో కండెలు చుట్టుకుంటూ, ఆ దొర చేతి కిందికే వచ్చింది.

"పోయినేడు ఏమైందో యాది లేదా కొడుకా?" అంది బాలవ్వ.

హనుమండ్లు చాయగ్లాసులోకి చూస్తూ, అందరూ వేస్తున్నారనీ, మనం ఒక్కళ్లం వేయకపోతే కుంట ఏమీ బాగుపడదనీ, దొరసాని స్వయంగా పంపిందని తెలిసీ వెనక్కి ఇస్తే రేపు కార్ఖానాలో తన ముఖం ఎట్లా చూపించాలనీ గొణిగాడు.

పోయిన ఏడాది ఏమైందో చెప్పకపోతే బాలవ్వ కోపం అర్థం కాదు. అంతకు ముందు తుమ్మలపేటలో గునుగుకు రంగులు వేయలేదని కాదు. వేసేవాళ్లు. తెల్లటి గునుగు తెల్లగానే ఉంటే బతుకమ్మకు కళ ఏముంటుంది? కొంత పసుపులో ముంచేవాళ్లు, కొంత కుంకుమనీళ్లలో. హోళీ నాడు ఉడకబెట్టగా మిగిలిన మోదుగు పువ్వును ఎండబెట్టి దాచుకున్న ఇళ్లు ఉండేవి, అది నారింజ రంగు ఇచ్చేది. ఆకుపచ్చ కావాలంటే చిక్కుడాకు నూరేవాళ్లు, అది సరిగా వచ్చేది కాదు, అందరూ నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వు కూడా పండుగలో భాగమే.

సరళాదేవి, అంటే జగపతిరావు దొరసాని, పోయిన ఏడాది పోటీ పెట్టింది. కరీంనగర్‌లో ఎక్కడో చూసి వచ్చిందట. అందరికంటే ఎత్తుగా, అందరికంటే రంగురంగులుగా పేర్చిన వాడకు పట్టుచీరలు. ఆమె మనసులో చెడు ఏమీ లేదు, అది ఒప్పుకోవాలి. ఊరి ఆడవాళ్లు సంతోషపడాలనే పెట్టింది. రంగులు కూడా తనే కార్ఖానా నుంచి డబ్బాలకు డబ్బాలు పంచింది. ఆ ఏడు వానలు అంతంతమాత్రం. మల్లన్నకుంట సగానికి కూడా నిండలేదు. ఆ కాసిని నీళ్లలో ఊరంతటి బతుకమ్మలు పడ్డాయి. పడటమే కాదు, రంగు ఉడకబెట్టిన గంగాళాలూ బకెట్లూ కూడా రేవులోనే కడిగారు. తెల్లవారి నీళ్లు ఒకచోట గులాబీ, ఒకచోట నీలం, మధ్యలో చెప్పడానికి రాని నల్లరంగు. రెండు రోజులకు వేలెడంత చేపపిల్లలు తెల్లటి కడుపులు పైకి పెట్టి రేవు నిండా తేలాయి.

ఆ చేపపిల్లలు బెస్తవాళ్లవి. వానకాలంలో తెచ్చి కుంటలో వదులుతారు, ఎండాకాలంలో పట్టుకుని అమ్ముకుంటారు. వాళ్లకు పొలం లేదు, సాంచా లేదు, కుంట ఒక్కటే. పోయిన ఎండాకాలం వల వేస్తే నాచు తప్ప ఏమీ రాలేదు.

బెస్తవాడలో గంగుబాయి ఉంది. ఆమె, బాలవ్వ ఒకే ఏడు తుమ్మలపేటకు కోడళ్లుగా వచ్చారు. బతుకమ్మ చుట్టూ బాలవ్వ పాట ఎత్తుకుంటే, ఆ పాటను అందుకునే మొదటి గొంతు గంగుబాయిది. ఇద్దరికీ ముప్పై ఏళ్లుగా అదే అలవాటు. ఒకరి గొంతు బొంగురు పోయినా రెండో ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో తెలిసేంత అలవాటు.

బాలవ్వ ఆ బకెట్టుకు మళ్లీ మూత పెట్టి, కొంగు నడుముకు చెక్కుకుని, ముందుగా బెస్తవాడకే పోయింది.

గంగుబాయి గుడిసె ముందు కూర్చుని పాత వల అతుకు వేస్తోంది. పండుగ పూట ఇంటి ముందు ఒక్క పువ్వు లేదు. తంగేడు లేదు, గునుగు లేదు. ఆమె భర్త బాలమల్లు చుట్ట కాల్చుకుంటూ దూరంగా కూర్చున్నాడు, పలకరించలేదు. అతను పలకరించకపోవడం బాలవ్వకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ ఇంట్లో ఆమెను వదినే అని పిలవని రోజు లేదు.

"పువ్వు తేలేదా గంగూ?"

"ఈ ఏడు మేం ఆడం అక్కా," అంది గంగుబాయి, వల మీద నుంచి తల ఎత్తకుండానే. "మావోళ్లు అందరనుకున్నరు. బతుకమ్మను ఏమనొద్దు, ఆమె తల్లి. గందుకే పోయినేడు నోరు మూసుకున్నం. చేపలు సస్తే బతుకమ్మ మీద ఎవలన్న ఫిర్యాదు చేస్తరా? ఇగ ఈ ఏడు గూడ సస్తే బొంబయి పోతం. మా తమ్ముడు ఆడ ఇండ్లు కట్టేకాడ పని సూశిండు. దసరా ఎల్లంగనే పొమ్మంటుండు."

"ఈ వయసుల బొంబయి పోయి ఇటుకలు మోస్తవా?"

"నువ్వు సూస్తవా మల్ల నన్ను, కూసోబెట్టి?"

అంతే. గంగుబాయి అందులో ఏడుపు ఏమీ పెట్టలేదు. కత్తితో వల దారం తెంపినట్టు తెంపింది. బాలవ్వ లేచి వచ్చింది. ఇంటికి వస్తున్న దారి పొడుగునా ఆమె కోపం ఎవరి మీద పెట్టాలో తెలియక, ఎదురొచ్చిన మేకను కూడా తిట్టింది. తిరిగి తిరిగి ఆ కోపం చివరికి తన వాడ మీదే వాలింది.

వాడలో ఇల్లిల్లూ తిరిగింది. ఏ ఇంట్లో చూసినా అదే బకెట్టు, అదే వాసన. ఒక ఇంట్లో ఆకుపచ్చ, ఒక ఇంట్లో ఊదా. ఆడపిల్లల వేళ్లన్నీ గులాబీ రంగు. చెప్పింది, బతిమాలింది, తిట్టింది. కొందరు నవ్వారు. కొందరు, దొరసాని మనసు నొప్పిస్తే రేపు కండెలు చుట్టే పని పోతుందన్నారు. ఎదురింటి కమలవ్వ మాత్రం వాదానికి దిగింది. కమలవ్వకు పోయిన ఏడాది చీర ఒక్క వరుస తేడాతో తప్పిపోయింది. ఈ ఏడు వాడ బతుకమ్మ పేర్చే పెత్తనం ఆమెదే.

"వదినే, నువ్వు ఊకె పరేషాన్ అయితున్నవ్. గిది కచ్చ రంగు గాదు, పక్కా రంగు. మన చీరలకేసేదే. ఏండ్లకేండ్లు ఉతికినా పోదు. పోని రంగు నీళ్లల్ల ఎట్ల కలుస్తది?"

నూలు పనిచేసే వాడ కాబట్టే వచ్చిన పొరపాటు ఇది. రంగు అంటే వాళ్లకు రెండే రకాలు, పోయేదీ పోనిదీ. పక్కా రంగు అని డబ్బా మీద ఉంటే చాలు, ఇక దాని గురించి ఆలోచించే పని లేదు. బాలవ్వ పళ్లు కొరుక్కుంది.

"పక్కా రంగని ఎవలన్నరే? నూలు రంగుల నుంచి తీసినంక ఏం జేస్తరు? నువ్వు గుంజలేదా, నేను గుంజలేదా? నీళ్లు తెల్లగయ్యేదాక జాడిస్తం. ఆ జాడించిన నీళ్లు యాడికి పోతయి? కార్ఖానా ఎనక గుంతలకు. మరి గీ గునుగును ఎవలు జాడిచ్చిండ్రు? నూలు తాగుతది రంగు. గునుగు తాగుతదా? ఈక లెక్క నున్నగుంటది. దాని మీద ఉన్నదంత కుంటల జాడిస్తున్నవ్ నువ్వు."

కమలవ్వకు ఇది తెలియదని కాదు. చిన్నప్పటి నుంచీ నూలు జాడించిన చేతులే ఆమెవి. ఒక్క క్షణం ఆగి, గునుగు కట్ట చివర నీళ్లు పిండి చూసింది. చేతికి రంగు అంటింది. చీర కొంగుకు తుడుచుకుని, పండుగ పూట పంచాయితీ వద్దు వదినే అని లోపలికి పోయింది. తెలియక చేసేవాళ్ల మీద బాలవ్వకు ఎప్పుడూ అంత కోపం రాలేదు. తెలిసీ చేయి తుడుచుకుని లోపలికి పోయేవాళ్లను చూస్తేనే ఆమె ఒళ్లు మండేది.

మధ్యాహ్నం దొర ఉండే గడీకి కూడా పోయింది. సరళాదేవి మెట్ల మీద కూర్చోబెట్టి చాయ ఇప్పించింది. వాకిట్లో ఎడ్లబండి మీద ఆమె ఇంటి బతుకమ్మ తయారవుతోంది. మనిషి ఎత్తుంది, పాలేర్లు నిచ్చెన వేసుకుని పేరుస్తున్నారు. అడుగు నుంచి శిఖరం దాకా రంగు గునుగే, తంగేడు అక్కడక్కడ కనబడీ కనబడకుండా ఉంది. సరళాదేవి అంతా ఓపికగా విన్నది. విని, ఒక పూట పువ్వులకు కుంట పాడవుతుందా అనీ, చేపలకు ఏదో రోగం వచ్చి ఉంటుందనీ, కావాలంటే బెస్తవాళ్లకు కూడా ఒక చీర పెడతాననీ అంది. చివరికి మాత్రం నవ్వు ఆపి, నీ కొడుకు మా దగ్గర మంచిగా పనిచేసుకుంటున్నాడు కదా అంది. ఆ మాట చాలా మెత్తగా అంది. బాలవ్వ చాయ తాగకుండా లేచింది.

సాయంత్రం కుంట గట్టు మీద జనం. ఊరి ఆడవాళ్లంతా కొత్త చీరల్లో, తాంబాలాల్లో బతుకమ్మలు ఎత్తుకుని వచ్చారు. చెప్పకూడదు కానీ, చూడటానికి కళ్లు చాలలేదు. అంత రంగు ఎప్పుడూ చూడలేదు. గులాబీ, నీలం, ఆకుపచ్చ, వరుస మీద వరుస. శిఖరం మీద పసుపు గౌరమ్మ మాత్రమే పాత రంగులో ఉంది. గట్టు అవతలి కొస మీద బెస్తవాళ్లు వచ్చి నిలబడ్డారు. పాటలు లేవు, పువ్వులు లేవు. మగవాళ్ల భుజాల మీద వలలు. గంగుబాయి వాళ్ల ముందు కొంగు కప్పుకుని నిలబడింది. వాళ్లు ఏం చేస్తారో వాళ్లకే తెలిసినట్టు లేదు. బాలవ్వ తన ఇంటి చిన్న బతుకమ్మను ఉత్త తంగేడుతో, తెల్ల గునుగుతో పేర్చుకుని వచ్చింది. రెండో చేతిలో ఆ మూత పెట్టిన బకెట్టు. అనసూర్య అడిగింది, అదెందుకు అత్తా అని. బాలవ్వ ఆగకుండా ముందుకు నడిచింది.

బతుకమ్మలన్నీ ఒకచోట పెట్టి ఆడవాళ్లు చుట్టూ చేరారు. పాట ఎత్తుకోవడానికి బాలవ్వ వైపు చూశారు. ఆమె గొంతు విప్పలేదు.

"రంగు గునుగు తీసి పక్కకు పెట్టుండ్రి. అప్పుడు ఎత్తుకుంట," అంది.

ఎవరూ కదల్లేదు. సరళాదేవి పాలేరు వైపు చూసి చేయి ఊపింది. చెట్టుకు కట్టిన మైకులోంచి క్యాసెట్టు పాట మొదలైంది. ఎక్కడి ఆవిడదో గొంతు, వెనక తబలాలు, ఏవేవో బాజాలు. అమ్మాయిలు దానికే చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ఆ పాట ఎవరి కోసమూ ఆగేది కాదు. ముసలివాళ్ల అడుగు వెనకబడింది, చంకలో పిల్లలున్న తల్లుల అడుగు తప్పింది. అయినా తిరిగారు. బాలవ్వ గట్టు రాయి మీద కూర్చుని చూసింది. ముప్పై ఏళ్లలో ఆమె లేకుండా ఆ చుట్టు తిరగడం అదే మొదలు. ఆమెకు ఏడుపు రాలేదు. గుండె మీద మాత్రం రోకలి దంచినట్టు దంచింది కోపం.

బహుమతి దొరసాని వాడదే అని అందరికీ తెలుసు, రెండోది కమలవ్వ పేర్చినదానికి అన్నారు. కమలవ్వ చీర అందుకుని కళ్లకు అద్దుకుంది. సాగనంపే వేళయింది. వాడ బతుకమ్మను ఎత్తడానికి ఆమె వంగింది.

అప్పుడు బాలవ్వ లేచింది. ఖాళీ తాంబాలం తీసుకుని రేవులోకి దిగి నీళ్లు ముంచింది. బకెట్టు మూత తీసి, గులాబీ గునుగు కట్ట ఒకటి తీసి ఆ నీళ్లలో అటూ ఇటూ జాడించింది. నీళ్లు ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. ఎంత పక్కా రంగో అక్కడున్న వాళ్లంతా చూశారు. ఆ తాంబాలాన్ని కొంగు చాటున పెట్టుకుని కమలవ్వ ఎదుటికి వచ్చి నిలబడింది. వాయినం ఇచ్చేటప్పుడు నిలబడే తీరది. సద్దుల నాడు మలీద ఉండలు, నువ్వుల సద్ది ఒకరికొకరు ఇచ్చుకునేది అట్లాగే. వాయినం అడిగి తీసుకునేది కాదు, ఇస్తే వద్దనేదీ కాదు.

"ఇస్తినమ్మ వాయినం," అంది బాలవ్వ.

దానికి మారుమాట ఒక్కటే ఉంది, పుచ్చుకుంటినమ్మ వాయినం. పుట్టిన ప్రతి ఆడపిల్లకూ నోటికి వచ్చిన మాట. కమలవ్వ ఒక అడుగు వెనక్కి వేసింది.

"తీసుకో. నీ మనుమరాలికి తాగిపియ్యి. పక్కా రంగు గదా, కడుపుల కలవదు."

"వదినే..."

"నా పేరు పెట్టి పిలువు, ఇయ్యాల నేను నీకు వదినెను గాను. చేపపిల్లలు నోరు లేనియి, తాగినయి సచ్చినయి. నీకు నోరుంది. చెప్పు. తీసుకుంటవా, తియ్యవా?"

కమలవ్వ ఆ ఎర్రటి నీళ్లకేసి చూసింది. పక్కనే ఆమె కొంగు పట్టుకుని మనుమరాలు నిలబడి ఉంది, వేళ్లు ఇంకా గులాబీ రంగులోనే ఉన్నాయి. ఆ వేలు నోట్లో పెట్టుకోబోతే కమలవ్వ లటుక్కున చేయి లాగేసింది. లాగేశాక ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు. వంగి, తను పొద్దంతా కూర్చుని పేర్చిన బతుకమ్మలో నుంచి మొదటి గులాబీ వరుస పీకింది. తిట్టుకుంటూనే పీకింది, బాలవ్వను తిట్టుకుంటూ, తనను తిట్టుకుంటూ. ఆమెను చూసి పక్క ఆమె. ఆమెను చూసి ఇంకొకరు. గట్టు మీద రంగు గునుగు కుప్ప పెరిగింది. ఎత్తు తగ్గిన బతుకమ్మలు తంగేడుతో, బంతితో, గుమ్మడి పువ్వుతో వంకరటింకరగా మిగిలాయి. అందరూ తీయలేదు. చాటుగా అట్లాగే నీళ్లలో వదిలినవాళ్లూ ఉన్నారు. ఒకామె ఇదంతా అపశకునం అని అరుచుకుంటూ ఇంటికి పోయింది.

సరళాదేవి ముఖం కందిపోయింది. నలుగురిలో తన పండుగ ఇట్లా అయిందని ఆమె కోపం. పాలేర్లకు సైగ చేసింది. ఎడ్లబండిని నేరుగా నీళ్లలోకి తోలారు. ఆ మనిషెత్తు బతుకమ్మను అందరూ చూస్తుండగానే తోసేశారు. అది ఒరిగి, మునిగి, పైకి తేలింది. చుట్టూ నీళ్లలో రంగులు పాములు పాకినట్టు పాకాయి.

అవతలి కొసన బాలమల్లు వల భుజం మీద నుంచి చేతిలోకి తీసుకున్నాడు. మళ్లీ ఆగాడు. బతుకమ్మ మీద వల వేయాలంటే ఎవరికి చేయి వస్తుంది? గంగుబాయి అతని రెట్ట పట్టుకుంది. ఊళ్లోవాళ్లు చూస్తున్నారు. అతను వేస్తే రెండు వాడల మధ్య తలకాయలు పగులుతాయని అక్కడున్న అందరికీ తెలుసు.

బాలవ్వ అది చూసింది. చూసి, మైకు వైపు తిరిగింది. క్యాసెట్టు ఇంకా మోగుతూనే ఉంది. "గా డబ్బను ఆపుండ్రి," అంది. పాలేరు ఆపలేదు. మైకు దగ్గరే నిలబడి ఉన్న హనుమండ్లు తల్లిని చూశాడు, దొరసానిని చూశాడు. వంగి తీగ పీకేశాడు. గట్టు మీద ఒక్కసారిగా కప్పల చప్పుడు వినబడింది.

బాలవ్వ మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగి, దొరసాని బతుకమ్మకు ఎదురుగా నిలబడి, సాగనంపే పాట ఎత్తుకుంది. కోపంతో గొంతు వణికింది, ఒకచోట పగిలింది కూడా. అక్కడ ఆమె ఊపిరి తీసుకునేలోపల గట్టు అవతలి నుంచి గంగుబాయి అందుకుంది. తరవాత వాడ అందుకుంది. అమ్మను అత్తింటికి పంపినట్టు, తోవలో జాగ్రత్తలు చెప్పి, మళ్లీ ఏటికి రమ్మని చెప్పి, పాట చివరి దాకా పాడింది. ఒక్క చరణం వదలలేదు. పాట అయ్యాక, ఒరిగి తేలుతున్న ఆ బతుకమ్మ శిఖరం నుంచి పసుపు గౌరమ్మను తీసి కళ్లకు అద్దుకుని నీళ్లలో వదిలింది.

తరవాత వెనక్కి తిరిగింది.

"బాలమల్లూ, ఎయ్యి వల. అమ్మ పోయింది. నేనే సాగనంపిన, ఊరంత ఇన్నరు. ఇగ గది రంగు పువ్వే."

వల గాలిలో విచ్చుకుని ఆ రంగుల కుప్ప మీద పడింది. లాగడానికి బెస్తవాళ్లు చాల్లేదు. హనుమండ్లు దిగాడు, వాడ మగవాళ్లు ఇంకొందరు దిగారు. చీకటి పడేలోపల నీళ్లలోంచి చేతికి అందినదంతా గట్టుకు చేర్చారు. దాన్నీ, గట్టు మీద వాడ ఆడవాళ్లు పీకి పోసిన గునుగునూ కలిపి బండ్లకెత్తి, రంగు ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడే, కార్ఖానా గేటు ముందు దింపి పోయారు.

తెల్లవారి గంగుబాయి వచ్చి, రేవు దగ్గర చేపపిల్లలు కొన్ని చచ్చి తేలాయనీ, లోపల మాత్రం ఎగురుతున్నాయనీ చెప్పింది. బొంబాయి మాట ఎత్తలేదు. బాలవ్వ కూడా అడగలేదు. అంతలోనే పాలేరు వచ్చి, హనుమండ్లును ఇక పనికి రావద్దన్నారనీ, బాలవ్వను దొరసాని రమ్మంటోందనీ చెప్పాడు. అనసూర్య కళ్ల నీళ్లు పెట్టుకుంది. ఇల్లు ఎట్లా గడుస్తుందో అని హనుమండ్లు తల్లి ముఖంలోకి చూసిన చూపు బాలవ్వకు మరింత మంట పెట్టింది. మూలనున్న పార తీసుకుని బయలుదేరింది.

కార్ఖానా గేటు ముందు రాత్రి పోసిన కుప్ప ఎండకు వాడి, చీమిడిలా కారుతోంది. గులాబీ నీళ్లు పాయలుగా గేటు కిందుగా లోపలికి పోతున్నాయి. సరళాదేవి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"పండుగపూట నా పరువు తీసినవ్ బాలవ్వా. అమ్మవారి మీద వల వేయించినవ్."

"అమ్మను నా నోటితోటే పంపిన. ఆమె పోయినంకనే వల పడ్డది. నా కొడుకు పని గుంజుకున్నవ్, గది నీ ఇష్టం, నీ కార్ఖానా. నేను దాని కోసం రాలే."

నువ్వు అని ఆమె దొరసానిని అనడం అదే మొదటిసారి. అన్నానన్న సంగతి కూడా ఆమె గమనించలేదు. సరళాదేవి గమనించింది.

"అయితే ఇదంతా ఇక్కడి నుంచి తీసెయ్. నా గేటు ముందర ఉండొద్దు."

"తీస్త. అందుకే పార తెచ్చిన. యాడ పొయ్యమంటవ్?"

"ఎక్కడన్నా పొయ్యి."

"ఎక్కడన్న అంటే కుదరదు దొరసానీ. నిన్న గూడ అందరం ఎక్కడన్ననే పోసినం. జాగ చెప్పు, ఆడనే పోస్త."

కార్ఖానా వెనక గుంతలు అప్పటికే అంచుల దాకా నిండి ఉన్నాయి. సరళాదేవి చూపు మొదట గేటు పక్కనున్న తన బావి మీద పడింది. అక్కడి నుంచి బావి వెనకనున్న జామతోట మీదికి, తోట అంచున కూరగాయల మడి మీదికి, దాని పక్కన నీళ్లు తాగుతున్న బర్రెల మీదికి పోయింది. బాలవ్వ పారను గులాబీ కుప్పలో గుచ్చి, పిడి మీద రెండు చేతులూ పెట్టి, జవాబు కోసం ఆమె ముఖంలోకే చూస్తూ నిలబడింది.